రేణిగుంట ఎయిర్‌పోర్టు మీద థ్రిల్లర్ నవల రాయాలనుకునే వాళ్లకి

మా మామకి పుత్తూరు దగ్గర మామిడి తోట ఉంది. ఒక జనవరిలో ఇద్దరం కలిసి ఫ్లైట్ ఎక్కాల్సొచ్చింది, ఏ ఎయిర్‌పోర్టు అనేది వదిలేయండి. సెక్యూరిటీ దగ్గర ఒకబ్బాయి చిన్న తెల్ల పట్టీ తీసుకుని ఆయన అరచేతుల మీద, బ్యాగు జిప్పు మీద తుడిచి పేలుడు పదార్థాల జాడ పట్టే మిషన్లో పెట్టాడు, మిషన్ కూసింది. ఇంకోసారి తుడిచాడు, మళ్లీ కూసింది. అంతే, మామని పక్కకి నిలబెట్టారు, నలుగురు చుట్టూ చేరారు, పొద్దున్నించి ఏమేం ముట్టుకున్నావ్ అని అడగతా ఉంటే ఆయన "ఆవుకి గడ్డేసినా, కాఫీ తాగినా, బ్యాగు సర్దుకున్నా, ఇంకేముండాది సామీ" అంటాడు. నలభై నిమిషాలు అట్లే నిలబడ్డాడు. ముందురోజు తోటలో పూత కోసం పదమూడు సున్నా నలభై ఐదు అనే ఎరువు మందు కొట్టినాడు, ఆ మందు బస్తా మోసింది కూడా ఆ చేతుల్తోనే, కానీ ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలో తట్టనే లేదు, నాకు తట్టి చెప్పేసరికి అంతసేపు అయింది. ఆ లోపల క్యూలో ఉన్న ఒకావిడ తన పాపని చెయ్యి పట్టుకుని గబుక్కున అవతలి పక్కకి లాక్కుంది. ఆ చెయ్యి నేను ఇప్పటికీ మర్చిపోలా. నా నవల అక్కడే మొదలైంది.

చాలామంది ఎయిర్‌పోర్టు థ్రిల్లర్ అనగానే బాంబు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. నేను చెప్పేది ఒకటే, బాంబు సంగతి తర్వాత, ముందు అనుమానం పట్టుకోండి. ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారు, ఎంత చిన్న ఆధారం మీద అనుమానిస్తున్నారు, ఆ అనుమానం తప్పయితే ఎవరికి నష్టం, నిజమైతే ఎవరికి నష్టం, ఈ నాలుగు ప్రశ్నలు రాసి గోడకి అంటించుకోండి. చదివేవాడు మూడొంతుల పుస్తకం వరకు "పాపం ఈయనేం చెయ్యలేదు" అనీ అనుకోగలగాలి, "ఏమో, చేసుంటే?" అనీ అనుకోగలగాలి. రెండో ఆలోచన చచ్చిపోయిందంటే అక్కడే పుస్తకం పక్కన పెట్టేస్తాడు.

ముందు చోటు చూసుకోండి. రేణిగుంట తిరుపతికి ఓ పదిహేను కిలోమీటర్లు, 2015 అక్టోబర్లో కొత్త టెర్మినల్ మొదలైంది, గరుడ అంటారు దాన్ని. పెద్ద సిటీ ఎయిర్‌పోర్టులతో పోలిస్తే చిన్నది, ఆ చిన్నతనమే మనకి కావాల్సింది. వేల మంది తిరిగే చోట ఒకడు తప్పిపోవచ్చు, ఇక్కడ తప్పిపోవడం కష్టం, అందరూ అందరికీ కనిపిస్తా ఉంటారు, గుండు కొట్టించుకున్న నలభై మందిలో మనం వెతికే మనిషి ఎవరో చెప్పడం మాత్రం ఇంకా కష్టం. ఇది బాగా ఆలోచించండి. సీసీ కెమెరా ఫుటేజీలో పొద్దున జుట్టుతో దిగినోడు సాయంత్రం గుండుతో, నుదుట నామంతో తిరిగొస్తాడు. మన ఊరికి వచ్చే భక్తుడు ఎవరైనా మారువేషం వెయ్యకుండానే మారిపోతాడు. ఈ వీలు ఇంకే ఊరి రచయితకి ఇంత సులభంగా దొరకదు, వాడుకోండి.

నాలుగైదు సార్లు వెళ్లి బయట కూర్చోండి. ఎరైవల్స్ ముందు పేర్ల బోర్డులు పట్టుకుని నిలబడే డ్రైవర్లతో మాట్లాడండి, వాళ్లకి ఏ ఫ్లైట్ ఎప్పుడు లేటో బోర్డు కంటే ముందే తెలుస్తుంది. దర్శనం టైమ్ స్లాట్ దాటిపోతుందని ఫోన్లో అరిచే కుటుంబాలు, లడ్డూ కవర్లు ఒళ్లో పెట్టుకుని కునుకు తీసే పెద్దోళ్లు, ఇవన్నీ నోట్ చేసుకోండి. కాకపోతే గార్డులు ఎక్కడ నిలబడతారు, ఎప్పుడు మారతారు, ఏ గేటు ఎటు పోతుంది అనేవి రాసుకోకండి, ఫొటోలు తియ్యకండి. నవలకి అవి అక్కర్లేదు, గోడలూ గేట్లూ మీరు సొంతంగా కట్టుకోండి, కథలో ఎట్ల కావాలంటే అట్ల కట్టుకోవచ్చు. మనుషుల్ని మాత్రం నిజంగా చూసి రాయండి.

ఇప్పుడు టైమ్. ఫాస్ట్‌గా సాగాలంటే కథ మొత్తం ఒక్క పూటలో అయిపోవాలి, నాది ఆరు గంటలు. రోజు ఎంచుకోవడంలో తెలివి చూపించండి. నేను భోగి పొద్దున తీసుకున్నా. ఎందుకంటే భోగి మంటల పొగ, చలికాలం మంచు కలిసి చెన్నైలో రన్‌వే కనపడని రోజులు ఉన్నాయి, ఫ్లైట్లు లేటవడం, వేరే ఊళ్లకి మళ్లించడం మనం పేపర్లో చదువుతానే ఉన్నాం. అట్ల చెన్నైలో దిగలేని ఒక ఫ్లైట్‌ని నేను రేణిగుంటకి తిప్పా. ఒక్క దెబ్బకి చిన్న టెర్మినల్లో రెండింతల జనం, నీళ్లకి గొడవ, టాయిలెట్‌కి క్యూ, పండగ ముందు ఇంటికి చేరాలనే ఆత్రం. విలన్ ఇంకా రాకముందే టెన్షన్ వచ్చేసింది. పైగా జనవరి అంటే మామిడి పూత సీజన్, మా మామ లాంటి రైతు చేతులకి మందు అంటుకుని ఉండే కాలం. రెండూ ఒకే రోజున కలిశాయి చూడండి, ఇట్ల కాలం నుంచి పుట్టిన కారణాలు ఎప్పుడూ అతికించినట్టు ఉండవు.

ఒక పాత క్యాలెండర్ వెనక పేజీ తీసుకుని అడ్డంగా టైమ్, నిలువుగా పాత్రల పేర్లు రాసుకోండి. ప్రతి గడిలో రెండు రాయాలి, ఆ మనిషి అప్పుడు ఎక్కడున్నాడు, అప్పటికి వాడికి ఏం తెలుసు. ఈ రెండోది చాలామంది రాసుకోరు. నా మొదటి డ్రాఫ్టులో ఇన్‌స్పెక్టర్ 7:20కి తెలియాల్సిన విషయం 6:50కే తెలిసినట్టు మాట్లాడేశాడు, సగం పుస్తకం తిరగరాయాల్సొచ్చింది.

టెక్నాలజీ దగ్గరకొద్దాం, ఇక్కడే ఎక్కువ మంది మునిగిపోతారు. ఇంటర్నెట్లో దొరికిన ప్రతి గాడ్జెట్టూ తెచ్చి కుక్కేస్తారు, డ్రోన్లు, డార్క్ వెబ్, శాటిలైట్, ఏఐ గొంతు, అన్నీ. రెండే రెండు తీసుకోండి, వాటిని బాగా అర్థం చేసుకోండి, ఆ రెండూ తప్పు చెయ్యగలిగేవి అయి ఉండాలి. ఎప్పుడూ నిజమే చెప్పే మిషన్ వల్ల కథ పుట్టదు.

నా మొదటిది సెక్యూరిటీ చెక్. ఎక్స్‌రే స్క్రీన్ మీద ఇనుము లాంటి లోహాలు నీలంగా, తిండి, బట్టలు, కాగితం లాంటివి నారింజ రంగులో, మధ్యరకం పచ్చగా కనిపిస్తాయి. పేలుడు పదార్థాల్లో చాలా వరకు పడేది కూడా ఆ నారింజ రంగులోనే. అంటే స్క్రీన్ ముందు కూర్చున్న అమ్మాయికి గట్టిగా పేర్చిన లడ్డూల కవరు నారింజ రంగు ముద్దలా కనపడుతుంది, పక్కనే పవర్ బ్యాంకు నీలం, పచ్చ గీతలతో. అది రోజుకి వందల లడ్డూలు చూసిన కన్ను, అందుకే పట్టించుకోదు. మరి ఈరోజు పట్టించుకోవాలా వద్దా? చూశారా, ఒక్క పేజీలో మీకు సస్పెన్స్ దొరికింది. చిన్న నిజాలు కూడా వాడుకోండి. ఎండు కొబ్బరి చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, నూనె ఎక్కువుండి తొందరగా అంటుకుంటుందని. పవర్ బ్యాంకు చెక్-ఇన్ బ్యాగులో కుదరదు, చేతి బ్యాగులోనే తీసుకుపోవాలి, అది కూడా 100 వాట్ అవర్ దాటితే పర్మిషన్ కావాలి, మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే సుమారు 27,000 ఎంఏహెచ్. కొండ మీంచి వచ్చే ముసలాయన సంచిలో కొబ్బరి చిప్పలు ఉండటం ఎంత మామూలు విషయమో మనకి తెలుసు, రూల్ పుస్తకానికి తెలీదు. ఈ రెండింటి మధ్య సందులో మీ కథ కూర్చోవాలి.

తుడిచి చూసే మిషన్ని ఈటీడీ అంటారు, పేలుడు పదార్థాల జాడ పట్టేది, కంటికి కనపడనంత కొంచెం ఉన్నా పట్టేస్తుంది. అంత చురుకు కాబట్టే నైట్రేట్ ఉన్న ఎరువు అంటుకున్న చేతికీ, ఒక్కోసారి గ్లిజరిన్ ఉన్న క్రీము రాసుకున్న చేతికీ కూయొచ్చు. మామిడి పూత కోసం లీటరు నీళ్లకి పది గ్రాముల లెక్కన కొట్టే 13-0-45 అంటే పొటాషియం నైట్రేటే కదా. మన చిత్తూరు వైపు రైతుకి అది పూత మందు, మిషన్‌కి అది నైట్రేట్. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

రెండోది ఒక కుర్రాడు. ఇంజినీరింగ్ చదువుతా ఇంటి మిద్దె మీద చిన్న ఏంటెనా పెట్టుకుని పైన పోయే ఫ్లైట్లని లాప్‌టాప్‌లో చూసుకునే పిచ్చి వాడికి. విమానాలు తామెక్కడున్నామో 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకి ఒకట్రెండు సార్లు చెప్తానే ఉంటాయి, దానికి తాళం ఉండదు, చవక రిసీవర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. శేషాచలం కొండలు అడ్డం కాబట్టి వాడికి అటుపక్క ఫ్లైట్లు మాయమవతా ఉంటాయి, మళ్లీ బయటికొస్తాయి. ఇప్పుడు పొగలో తిరుగుతున్న ఫ్లైట్‌లో రేడియో పాడైంది అనుకోండి, పైలట్ 7600 అనే కోడ్ పెడతాడు. 7500 అంటే హైజాక్, 7700 అంటే ఎమర్జెన్సీ. కుర్రాడి స్క్రీన్ మీద ఎర్రగా నాలుగంకెలు వెలుగుతాయి, వాడు ఒక్క అంకె తప్పు గుర్తుపెట్టుకుని కాలేజీ వాట్సాప్ గ్రూపులో "రేణిగుంట మీద హైజాక్" అని పెడతాడు. పది నిమిషాల్లో అది పోర్టర్ ఫోన్‌కి, డ్రైవర్ ఫోన్‌కి, లోపల క్యూలో నిలబడ్డ ఆ పాప వాళ్లమ్మ ఫోన్‌కి వచ్చేస్తుంది. అప్పటికే పక్కన నిలబెట్టి ఉన్నాడు మా మామ, చేతులు కూసిన మనిషి. రెండు నిజాలు, ఒక పొరపాటు, కలిపితే ఒక టెర్రరిస్టు తయారైపోయాడు.

రేడియో పోయిన ఫ్లైట్‌కి టవర్ నుంచి లైటుతో సైగ చేస్తారు, ఆరకుండా వెలిగే పచ్చ లైటు అంటే దిగొచ్చు అని, ఆరకుండా ఎరుపు అంటే దారివ్వు, తిరగతా ఉండు అని. ఈ సీన్ కోసం నాలుగు పేజీలు ఖర్చు పెట్టండి, తప్పులేదు. పొగమంచులో ఆ పచ్చ లైటు అవతలోడికి కనపడిందా లేదా, టవర్లో ఉన్నోడికి ఎట్ల తెలుస్తుంది? తెలీదు. తెలియకపోవడాన్నే రాయండి.

రాసేటప్పుడు పాఠం చెప్పినట్టు చెప్పకండి. నేను మొదట ఇట్ల రాశా: "ఈటీడీ అనేది అయాన్ల కదలికని కొలిచి పదార్థాన్ని గుర్తించే అత్యాధునిక యంత్రం." తర్వాత ఇట్ల మార్చా, సుబ్బన్న అంటే నవల్లో మా మామ: "పట్టీ లోపలికి పోయింది. మిషన్ నోరు మూసుకుంది. అబ్బాయి మిషన్ని చూస్తా ఉన్నాడు, సుబ్బన్న అబ్బాయి మొహాన్ని చూస్తా ఉన్నాడు." మిషన్ ఏం చేస్తుందో రెండో దాంట్లో కూడా అర్థమైపోయింది, పైగా చదివేవాడు కూడా ఊపిరి బిగబట్టాడు.

పద్ధతి తెలుసుకోండి, లేకపోతే తెలిసినోళ్లు రెండో చాప్టర్లోనే పుస్తకం మూసేస్తారు. బెదిరింపు మెయిలో ఫోనో వస్తే ఎవరో ఒక హీరో ఆఫీసర్ పరిగెత్తి తేల్చేది కాదు, బాంబ్ థ్రెట్ అసెస్‌మెంట్ కమిటీ అని ఒకటి కూర్చుంటుంది, బీటాక్ అంటారు, ఎయిర్‌పోర్టు వాళ్లు, ఎయిర్‌లైన్ వాళ్లు, సెక్యూరిటీ, పోలీసులు ఉంటారు. ఫ్లైట్ నంబరుందా, టైముందా, ఎక్కడ పెట్టామో చెప్పారా, ఎవరు చెప్పారు, ఇవన్నీ చూసి ఇది స్పెసిఫిక్కా నాన్-స్పెసిఫిక్కా అని తేలుస్తారు. 2024 అక్టోబర్లో దేశమంతా వందల ఫ్లైట్లకి ఉత్తుత్తి బెదిరింపులొచ్చాయి, అదే నెలలో మన తిరుపతి హోటళ్లకి కూడా మెయిల్స్ వచ్చాయి, బాంబ్ స్క్వాడ్‌లు, కుక్కలు గదిగదీ వెతికి ఏం లేదని తేల్చాయి. ఆ కమిటీ గదిలో కూర్చున్న మనిషి బుర్రలో ఏం తిరుగుతుందో ఊహించండి, వంద సార్లు ఉత్తుత్తిదే అయింది, నూటొకటో సారి? నా నవల మొత్తంలో గట్టి సీన్ ఆ గదిలోదే, ఒక్క పరుగు లేదు, ఒక్క తుపాకీ లేదు, ఆరుగురు మనుషులు, చల్లారిన టీ, గోడ గడియారం.

ఆలస్యం ఎంత భయంకరమో తెలియాలంటే 1999 డిసెంబర్ 24 గుర్తు తెచ్చుకోండి. ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ 814 హైజాక్ అయి అమృత్‌సర్లో సుమారు 50 నిమిషాలు నేల మీదే ఉంది, ఏం చెయ్యాలో తేలేలోపే ఎగిరిపోయింది, చివరికి కాందహార్. అలాగే 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది చనిపోయారు, ఎక్కని ప్రయాణికుడి బ్యాగులో ఎక్కింది ఆ బాంబు. అందుకే ఈరోజు మనిషి ఎక్కకపోతే అతని బ్యాగు దించేస్తారు. ఈ రూల్ మీకు బంగారం. మా మామని ఆపితే ఆయన బ్యాగు దించాలి, అది అందరి బ్యాగుల కింద ఉంటుంది, ఏటీఆర్ చిన్న ఫ్లైటే అయినా లోడర్లు ఒక్కొక్కటి బయటికి తీయాలి, ఈలోపు టైమ్ పోతా ఉంటుంది. బ్యాగు బయటికొచ్చింది, లోపల ఏముంది? చాప్టర్ అక్కడ ఆపండి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. మన నేల మీద ఇవి కథలు కావు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి, 2013 అక్టోబర్లో పుత్తూరులో ఒక ఇంట్లో దాక్కున్న వాళ్లని పోలీసులు గంటల తరబడి ముట్టడించి పట్టుకున్నారు, ఆ వీధి వాళ్లు ఇప్పటికీ ఆరోజు గురించి మాట్లాడతారు. వీటిని మసాలా లాగా చల్లకండి. మీ ఇన్‌స్పెక్టర్ ఆ పుత్తూరు రోజున కొత్త కానిస్టేబుల్ అయి ఉంటే, అందుకే ఈరోజు పుత్తూరు పేరు వినగానే తడబడితే, అప్పుడది పాత్రకి పనికొచ్చినట్టు. ఇంకోటి, పేరు చూసో గడ్డం చూసో అనుమానితుణ్ణి తయారు చెయ్యకండి. అది సోమరి రాత, దానివల్ల బయట నిజంగా ఆ పేరుతో, ఆ గడ్డంతో బతికేవాళ్లు క్యూలో అందరి అనుమానపు చూపులు భరించాలి. కథలో వేరే పాత్ర అట్ల అనుమానిస్తే రాయండి, అది ఉన్నదే, కానీ రచయితగా మీరు దానికి తలూపకండి. పేలుడు పదార్థం ఎట్ల కలుపుతారు, సెక్యూరిటీ ఎట్ల దాటొచ్చు లాంటివి ఒక్క ముక్క కూడా వద్దు. నా పుస్తకంలో అసలు బాంబే లేదు, ఎవరూ బాగోలేదనలేదు.

మరి నా నవల్లో ఫ్లైట్‌కి బెదిరింపు మెయిల్ పెట్టింది ఎవరు? కారణం మన ఊరిది అయి ఉండాలి. ప్రపంచాన్ని పేల్చేస్తానని నవ్వే విలన్ రేణిగుంటలో నిలబడడు. నేనేం చేశానంటే బెదిరింపు వచ్చిన హైదరాబాద్ ఫ్లైట్‌లో పోవాల్సిన ఒక సాక్షి మధ్యాహ్నం రెండుకి అక్కడ పెద్దమనుషుల పంచాయితీలో ఉండాలి, భూమి తగాదా, ఫ్లైట్ నాలుగు గంటలు ఆగితే చాలు ఒకడి పని అయిపోతుంది. "ఈ ఫ్లైటే ఎందుకు?" అనే ప్రశ్న మూడో చాప్టర్లోనే వేయించండి, కానీ అడిగింది ఎవరూ పట్టించుకోని మనిషి అయి ఉండాలి. నా దాంట్లో ఊడ్చే ఆమె అడుగుతుంది.

చాప్టర్లు చిన్నవి, మూడు నాలుగు పేజీలు. చిన్నప్పుడు వారపత్రిక సీరియల్ చివర "సశేషం" చూసి వారమంతా కొట్టుకున్న వాళ్లకి ఈ విద్య చెప్పక్కర్లేదు. కాకపోతే ప్రతి చాప్టరూ తలుపు శబ్దం మీద ఆపితే జనం విసుక్కుంటారు. ఒకసారి ప్రశ్న మీద, ఒకసారి తప్పు నిర్ణయం మీద, ఒకసారి చదివేవాడికి తెలిసి పాత్రకి తెలియని దాని మీద ఆపండి. మూడోది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, కుర్రాడి స్క్రీన్ మీద ఉన్నది 7600 అని చదివేవాడు చూసేశాడు, లోపల జనం ఇంకా హైజాక్ అనుకుంటున్నారు.

మాటలు మనవే ఉండాలి. లోడర్ "యాడికి పోయిందబ్బా ఆ ట్యాగు" అనాలి, పైనుంచి వచ్చిన ఆఫీసర్‌కి హిందీ కలిసిన ఇంగ్లీషు, మామకి ఆ భాష సగం అర్థం కాదు, ఆ అర్థం కానితనంలోంచే ఇంకో అనుమానం పుడుతుంది. "మందు కొట్టినా సార్" అంటాడు ఆయన. మధ్యలో ఉన్న కానిస్టేబుల్ దాన్ని ఇంగ్లీషులోకి ఏమని మార్చాలి? తాగుడా, ఎరువా, ఇంకేదన్నానా? ఈ ఒక్క మాట మీద నేను రెండు చాప్టర్లు నడిపా.

డ్రాఫ్ట్ అయ్యాక బయటికి చదవండి, ఊపిరి ఆడని చోట వాక్యం విరగ్గొట్టండి, నిద్రొచ్చిన చోట పేజీ తీసెయ్యండి. ఒక రైతుకి, ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకళ్లకి, ఎప్పుడూ ఫ్లైట్ ఎక్కని ఒకళ్లకి ఇవ్వండి. మూడో మనిషికి అర్థం కాని చోట్లన్నీ తిరగరాయండి.

చివరి చాప్టర్లో ఆఫీసర్ చేత క్షమాపణ ఉపన్యాసం ఇప్పించకండి, ఎవరూ ఇవ్వరు. మామ విషయంలో జరిగింది కూడా అంతే, "ఓకే, వెళ్లండి" అన్నారు, ఆయన బెల్టు తొడుక్కుని వచ్చి కిటికీ సీట్లో కూర్చున్నాడు. ఎయిర్ హోస్టెస్ నీళ్లిస్తే తలూపి వద్దన్నాడు. గంట పైన ప్రయాణంలో రెండు చేతులూ కండువా కింద పెట్టుకునే కూర్చున్నాడు, దిగేదాకా బయటికి తీయలేదు. నా నవల చివరి పేజీలో అదొక్కటే రాశా.